రాక్షసుల బొమ్మల పుస్తకాలు, నిద్రవేళ భయాలు: కడప నుంచి అడిగిన ఒక అమ్మకు జవాబు

అమ్మా, మీరు రాసినదాని సారాంశం ఇది. మీ బాబుకు నాలుగున్నరేళ్లు. అమెరికాలో ఉన్న మేనత్త మారిస్ సెండాక్ రాసి బొమ్మలు వేసిన ‘వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్’ అనే పుస్తకం పంపింది. పడుకోబోయే ముందు కొన్ని రాత్రులు చదివారు. అప్పటి నుంచి మంచం కింద కోరలున్నదేదో ఉందని ఏడుస్తున్నాడు, లైటు తీయనివ్వడం లేదు. మీరు పుస్తకాన్ని అటక ఎక్కించేశారు. మీ అత్తగారు తాయెత్తు కట్టిద్దామంటున్నారు, మీవారు మగపిల్లోడికి ఈ పిరికితనం ఏంది అంటున్నారు. ఇలాంటి పుస్తకాలు అసలు చదవచ్చా, చదివితే ఏవి చదవాలి, తెలుగులో ఏమున్నాయి అని మీ ప్రశ్న.

చదవచ్చు. చదవాలి కూడా అంటాను. నేను అనంతపురంలో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా వీధి పిల్లలకు సాయంత్రాలు బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తుంటాను. రాక్షసుడున్న ఏ పుస్తకమైనా పిల్లల ముందు తెరిచే ముందు నేను చూసేది ఒకటే: ఈ కథలో రాక్షసుడు ఎవరి మాట వింటాడు? పిల్లవాడి మాట వింటే ఆ పుస్తకం పనికొస్తుంది. అమ్మో నాన్నో వచ్చి తరిమేసినా, ‘రాక్షసులు లేరు, పడుకో’ అని తేల్చేసినా, బొమ్మలు ఎంత బాగున్నా నేను పక్కన పెడతాను. అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు మీరు నిద్రలో ఉంటారు. ఆ నిమిషంలో వాడికి పనికొచ్చేది వాడు సొంతంగా చేయగలిగిన పని మాత్రమే.

ముందు వయసు సంగతి. మూడేళ్లు దాటినప్పటి నుంచి ఆరేడేళ్ల దాకా పిల్లల ఊహ చాలా వేగంగా పెరుగుతుంది. ఊహించుకున్నది ఏది, నిజంగా ఉన్నది ఏది అని తేల్చుకునే శక్తి అంత వేగంగా రాదు. పగలు అమ్మ చీర కట్టి గుడారం చేసుకునే బుర్రే రాత్రి కుర్చీ మీది టవల్‌ను కోరల మనిషిని చేస్తుంది. కాబట్టి ఇది జబ్బు కాదు, పిరికితనం అంతకన్నా కాదు. చాలామందిలో ఏడెనిమిదేళ్లకల్లా దానంతటదే తగ్గుతుంది. ఆ పుస్తకం రాకపోయుంటే పక్కవీధిలో కడుతున్న ఇంటికి వేలాడదీసిన దిష్టిబొమ్మ చూసి భయపడేవాడేమో. మీవారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. మగపిల్లోడివి ఏడవకూడదు అంటే పిల్లలు భయపడటం మానరు, భయం వేసిందని చెప్పడం మానేస్తారు. అది ఇంకా పెద్ద చిక్కు.

ఇక ఆ పుస్తకం. 1963లో వచ్చింది, 1964లో అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం అందుకుంది. వచ్చిన కొత్తలో అక్కడి పెద్దలు కొందరు కూడా మీలాగే టెన్షన్ పడ్డారు. కథ చిన్నది. మ్యాక్స్ అనే పిల్లవాడు తోడేలు వేషం వేసుకుని ఇంట్లో అల్లరి చేస్తాడు. అమ్మ కేకలేస్తే నిన్ను తినేస్తానంటాడు. అన్నం పెట్టకుండా వాణ్ణి గదిలోకి పంపేస్తుంది. ఆ గదిలోనే అడవి మొలుస్తుంది. వాడు పడవెక్కి అడవి జీవాల దేశానికి పోయి, వాటి పసుపు కళ్లలోకి రెప్ప వేయకుండా చూసి లొంగదీసుకుంటాడు, వాటికి రాజవుతాడు. చివరికి ఇల్లు గుర్తొచ్చి తిరిగొస్తాడు. గదిలో భోజనం సిద్ధంగా ఉంటుంది, ఇంకా వేడిగానే ఉంటుంది.

నా పరీక్షలో ఈ పుస్తకం పూర్తిగా నెగ్గుతుంది, ఆ జీవాలు వినేది మ్యాక్స్ మాటే కదా. మరి మీ బాబు ఎందుకు బెదిరాడు? కోరలే కారణమని మీరనుకుంటున్నారు. నాకు ఇంకో అనుమానం ఉంది. ఈ కథ పిల్లలకు సొంత గది ఉండే ఇళ్లలో పుట్టింది. మన పిల్లలు అమ్మానాన్నల మధ్యో, అవ్వ పక్కలోనో పడుకుని పెరుగుతారు. కడుపు మాడ్చి, ఒక్కణ్ణే గదిలోకి పంపేయడం మన ఇంటి పిల్లవాడికి కోరల కన్నా భయంకరమైన విషయం. పైగా ఆ పుస్తకంలో అమ్మ మాట వినిపిస్తుందే గానీ, ఒక్క బొమ్మలో కూడా అమ్మ కనిపించదు. మీరు వాణ్ణి ఒకసారి పగటిపూట, ఆడుకుంటున్నప్పుడు అడిగి చూడండి: ‘ఆ పుస్తకంలో నీకు నచ్చని పేజీ ఏది?’ అని. వేలు పెట్టి చూపిస్తాడు. అది మ్యాక్స్ గదిలో ఒంటరిగా నిలబడ్డ పేజీ అయితే, మీరు మాట్లాడాల్సింది రాక్షసుల గురించి కాదు. ‘నువ్వెంత అల్లరి చేసినా నీకు అన్నం పెట్టకుండా ఉండను, నిన్ను ఒక్కణ్ణే వదిలిపెట్టను’ అని చెప్పాలి.

ఇంకో సంగతి గమనించండి. ఆ పుస్తకం చివరి పేజీలో బొమ్మే లేదు. భోజనం ఇంకా వేడిగానే ఉందన్న ముక్క ఒక్కటే తెల్ల కాగితం మీద ఉంటుంది. రాత్రి మనం అలసిపోయి చదువుతున్నప్పుడు, బొమ్మలు అయిపోయాయి కదా అని ఆ పేజీ తిప్పకుండానే పుస్తకం మూసేస్తాం. కథ మొత్తానికి పిల్లవాడికి ఊరట దొరికేది ఆ పేజీలోనే. అక్కడ ఆగి ‘వాళ్లమ్మ ఏం వండి పెట్టుంటుంది?’ అని అడగండి. మా వరండాలో ఒక పాప ఉగ్గాని అంటుంది, ఇంకొకడు రాగిసంగటి, చెనిగ్గింజల ఊరుబిండి అంటాడు. ఆ మాటలతో పిల్లలు కథలోంచి తమ ఇంటికి వచ్చేస్తారు.

నడుమ మూడు జోడు పేజీల్లో అక్షరం ఉండదు, జీవాలూ మ్యాక్సూ కలిసి గంతులేయడమే. మొదట్లో పేజీ మధ్యలో చిన్నగా ఉన్న బొమ్మ పెరుగుతూ పెరుగుతూ ఆ పేజీలకు వచ్చేసరికి కాగితం అంచుల దాకా నిండిపోతుంది. ఇది నిద్రపుచ్చే చోటు కాదు, గంతులేయాల్సిన చోటు. అందుకే పగలు చదవమంటున్నాను. మీరూ వాడూ లేచి కాళ్లు నేలకేసి కొట్టండి. తర్వాత రెప్ప వేయకుండా చూసుకునే ఆట ఆడండి, ఎక్కువసార్లు వాణ్ణి గెలవనివ్వండి. సెండాక్ ఆ జీవాలను ఎక్కడి నుంచో తేలేదు. తన చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో ఆదివారాలు ఇంటికొచ్చి బుగ్గలు గిల్లి, తినేస్తాం నిన్ను అంటూ ముద్దుచేసిన చుట్టాలే వాటికి మూలమని ఆయనే చెప్పారు. ఈ ముక్క బాబుకు చెప్పి, ఒక్కో జీవానికి మీ వైపు, మీవారి వైపు చుట్టాల పేర్లు పెట్టమనండి. పెదనాన్న పేరున్న రాక్షసుడికి ఏ పిల్లవాడూ ఎక్కువ రోజులు భయపడడు.

అయితే మొదలు దీనితో పెట్టకండి. నాలుగున్నరేళ్లకు ఇంతకంటే తేలికైన మెట్టు ఒకటుంది. ఎడ్ ఎంబర్లీ 1992లో చేసిన ‘గో అవే, బిగ్ గ్రీన్ మాన్‌స్టర్!’. నల్ల పేజీలకు రంధ్రాలు కోసి ఉంటాయి. పేజీ తిప్పేకొద్దీ ముందు రెండు పసుపు కళ్లు, తర్వాత ముక్కు, కోరల నోరు, చెవులు, జుట్టు ఒక్కొక్కటే వచ్చి చేరి పెద్ద పచ్చ ముఖం అవుతుంది. అక్కడి నుంచి పిల్లవాడు ‘నువ్వంటే నాకు భయం లేదు, పో’ అంటూ పేజీ తిప్పితే ఒక్కొక్క భాగమే మాయమవుతూ చివరికి నల్ల పేజీ మిగులుతుంది. మళ్లీ రాకు, నేను చెప్పేదాకా రాకు అన్నది ముగింపు. ‘నేను చెప్పేదాకా’ అన్న ఆ షరతు చాలా గొప్పది. రాక్షసుణ్ణి చంపలేదు, లేడనలేదు. రావాలో వద్దో చెప్పే అధికారం పిల్లవాడి చేతిలో పెట్టాడు.

ఆ పుస్తకం దొరక్కపోయినా ఫర్వాలేదు, ఆ పని ఇంట్లోనే చేయొచ్చు. మీ కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర ఏ స్టేషనరీ షాపులోనైనా ఒక నల్ల చార్ట్, నాలుగైదు రంగుల చార్ట్ ముక్కలు తీసుకోండి. రాక్షసుడెలా ఉంటాడో మీరు చెప్పొద్దు, వాణ్ణే అడగండి. ‘కళ్లు ఎన్ని? ఏ రంగు? నాలుక ఎంత పొడుగు?’ వాడు చెప్పినట్టే కత్తిరించండి. నాలుకా మీసమూ పెట్టమంటే దిష్టిబొమ్మను చూసి నేర్చుకున్నాడని అర్థం. నల్ల చార్ట్ నేల మీద పరిచి, ముక్కలు ఒక్కొక్కటే వాడి చేత పెట్టించండి. అతికించొద్దు. ముఖం పూర్తయ్యాక ఇద్దరూ కాసేపు చూడండి, భయపడినట్టు మీరు నటించండి. తర్వాత వాడు ‘నాలుకా, పో’ అని గట్టిగా అని నాలుక తీసేయాలి. మీసం, కోరలు, ముక్కు అన్నీ అట్లాగే పోతాయి. కళ్లు చివర్లో తీయించండి, పిల్లలకు అన్నిటికంటే భయం కళ్లతోనే. ముక్కలన్నీ ఒక కవర్లో వేసి, ఆ కవరు ఎక్కడ పెట్టాలో వాణ్ణే నిర్ణయించమనండి. మా దగ్గర ఒక బాబు దాన్ని చెప్పుల స్టాండులో పెట్టించాడు, రాక్షసుడు ఇంట్లోకి రాకూడదట, గడప దగ్గరే ఉండాలట. ఈ ఆట సాయంత్రం నాలుగైదు గంటలకు, వెలుతురులో ఆడండి. వరసగా కొన్నాళ్లు ఆడితే, రాత్రి మెలకువ వచ్చినప్పుడు ‘కోరలూ, పో’ అని వాడే అనుకోవడం చూస్తారు.

మిగతా పుస్తకాలు క్లుప్తంగా చెప్తాను. మెర్సర్ మేయర్ 1968లో చేసిన ‘దేర్స్ ఎ నైట్‌మేర్ ఇన్ మై క్లాజెట్’లో పిల్లవాడు బొమ్మ తుపాకీతో కాల్చేసరికి అల్మారాలోని వికారపు జీవి ఏడుపందుకుంటుంది. దాన్ని ఊరుకోబెట్టలేక తన మంచం మీదే పడుకోబెట్టుకుంటాడు. ఐదేళ్లు దాటిన వాళ్లకు బాగా నచ్చుతుంది. తుపాకీ ఇష్టం లేని తల్లిదండ్రులుంటారు, వాళ్లు వదిలేయొచ్చు. జాన్ స్టోన్ రాసిన ‘ది మాన్‌స్టర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ దిస్ బుక్’ 1971 నాటిది. చివర్లో రాక్షసుడున్నాడు, పేజీ తిప్పొద్దు అని గ్రోవర్ అనే పాత్ర బతిమాలుతుంది, పేజీలను తాళ్లతో కట్టేస్తుంది, ఇటుక గోడ కడుతుంది. పిల్లలు పట్టుబట్టి తిప్పుతారు. చివరికి ఆ రాక్షసుడు గ్రోవరే. పెద్దవాళ్లు బెదిరిపోతుంటే తాము ధైర్యంగా ముందుకు పోవడం పిల్లలకు ఎంత ఇష్టమో చూడాలంటే ఇది చదవాలి.

రాక్షసుడు అసలే వద్దు, చీకటి భయం ఒక్కటే అనుకుంటే మార్టిన్ వాడెల్ రాసిన ‘కాంట్ యూ స్లీప్, లిటిల్ బేర్?’ ఉంది, 1988లో వచ్చింది. చీకటంటే భయపడే చిన్న ఎలుగుకు పెద్ద ఎలుగు ముందు చిన్న లాంతరు, తర్వాత ఇంకా పెద్దది, ఇంకా పెద్దది తెచ్చిపెడుతుంది. ఏదీ చాలదు. చివరికి చంకనెత్తుకుని బయటికి తీసుకుపోయి చందమామను, చుక్కలను చూపిస్తుంది. ఎండాకాలం మిద్దె మీద పడుకునే మన ఊళ్లలో ఈ కథ చదవడానికి వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు. చాప పరిచి, కథ చెప్పి, పైకి చూపిస్తే చాలు.

తెలుగులో ఈ ఒక్క అంశం మీదే వచ్చిన బొమ్మల పుస్తకాలు తక్కువ. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవచ్చు, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ కూడా తీసుకోవచ్చు. చీకటి, భయం, దయ్యం అని వెతికి, నేను పైన చెప్పిన ప్రశ్నతో వడపోయండి. తూలిక, ‘మంచి పుస్తకం’, నేషనల్ బుక్ ట్రస్ట్ అనే సంస్థల ప్రచురణలూ చూడండి. చందమామ బేతాళ కథలు మీ అత్తగారికి గుర్తొస్తాయి గానీ, భుజాన శవం వేసుకుని శ్మశానంలో నడిచే రాజు బొమ్మ నాలుగేళ్లకు తొందర. ఎనిమిదో తొమ్మిదో వచ్చాక ఇవ్వండి. ఇంగ్లిష్ పుస్తకమైతే అక్షరాలు చదవకుండా బొమ్మ చూపిస్తూ మీ ఇంటి మాటల్లో చెప్పుకుంటూ పోండి.

అత్తగారికి నా తరఫున ఒక మనవి చేయండి. పుస్తకం లేకుండానే ఆవిడ చెప్పగలిగిన గొప్ప కథ మన పక్కనే ఉంది, అహోబిలంలో. నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చంపాక ఆ ఉగ్రరూపం చూసి దేవతలందరూ జడుసుకుంటారు. లక్ష్మీదేవి కూడా దగ్గరికి పోలేకపోతుంది. అప్పుడు ప్రహ్లాదుడు, పసివాడు, నడుచుకుంటూ పోయి కాళ్ల దగ్గర సాగిలపడితే స్వామి వాడి తల మీద చెయ్యి పెడతాడు. నీ కోరలకూ గోళ్లకూ నాకు భయం లేదని ప్రహ్లాదుడే అంటాడు. పొట్ట చీల్చే ఘట్టం రాత్రిపూట దాటేసి, పిల్లవాడు సింహం ముఖం దగ్గరికి నడిచి వెళ్లే ఘట్టం దగ్గర నిదానంగా ఆగి చెప్పమనండి. జూలు ఎలా ఉంది, వేలు ఎంత లావుంది, అన్నీ అడగనివ్వండి. పెద్దలెవరికీ చేతకానిది పిల్లవాడు చేసిన కథ అది. అవ్వ నోట వింటే దాని బలం వేరు.

తాయెత్తు గురించి గొడవ పడొద్దు. 2012లో ఇజ్రాయెల్ పరిశోధకులు రాత్రి భయాలున్న చిన్నపిల్లలకు మెత్తటి కుక్కపిల్ల బొమ్మ ఇచ్చి చూశారు. కొందరికి ఇది నిన్ను కాపాడుతుందని చెప్పారు, కొందరికి దీన్ని నువ్వు చూసుకోవాలని చెప్పారు. రెండు రకాలుగానూ భయం తగ్గింది. కట్టేటట్టయితే మెడకు కాకుండా చేతికి కట్టండి, నిద్రలో మెడకు దారం బిగుసుకోవడం ప్రమాదం. దాంతోపాటు వాడు చూసుకోవాల్సిన బొమ్మ ఒకటి పక్కలో పెట్టి, ‘దీనికి భయమేస్తే నువ్వే చెప్పాలి’ అనండి. రాక్షసులను తరిమే మందని నీళ్లు చల్లడం ఈ మధ్య ఫోన్లలో చూసి చాలామంది చేస్తున్నారు. నాకది నచ్చదు. ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నట్టే, దయ్యం నిజంగా ఉందని పెద్దలే ఒప్పుకున్నట్టవుతుంది.

నీడల భయానికి మాత్రం మన జిల్లాల్లోనే మంచి మందు ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెరకు ఆనించినప్పుడు స్పష్టంగా కనిపించే బొమ్మ దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. ఇంట్లో సెల్‌ఫోన్ టార్చ్‌తో అదే చేయండి. అట్టతో రాక్షసుడి ఆకారం కత్తిరించి పుల్లకు కట్టి వాడికివ్వండి. టార్చ్ దగ్గరికి తెస్తే గోడంత అవుతుంది, గోడ దగ్గరికి తోస్తే అరచేయంత అవుతుంది. గోడంత రాక్షసుణ్ణి తన చేత్తో తానే చిన్నది చేసిన పిల్లవాడి ముఖం మీరు చూడాలి. జీరో బల్బు ఎక్కడుందో కూడా చూసుకోండి. ఫ్యాన్ కిందుగా గోడకు ఉంటే రాత్రంతా రెక్కల నీడ కప్పు మీద తిరుగుతూ ఉంటుంది.

ఒక మాట కాస్త గట్టిగానే చెప్తాను. ఇంట్లో ఎవరైనా ‘తినకపోతే బూచోడికి పట్టిస్తా’, ‘గోనెసంచోడొస్తాడు’, ‘పోలీసును పిలుస్తా’, ‘సూది వేయిస్తా’ అంటుంటే ఈరోజే మానిపించండి. పగలు రెండు ముద్దలు తినిపించడానికి మనం పిలిచిన బూచోడే రాత్రి మంచం కిందికి వస్తాడు. మనమే రప్పించి, మనమే లేడంటే పిల్లవాడు ఏ మాట నమ్మాలి? చిత్తుకాగితాలు ఏరుకుని బతికే మనిషిని పిల్లల దృష్టిలో రాక్షసుణ్ణి చేయడం ఆ మనిషికీ అన్యాయమే. ఇది మానకుండా ఎన్ని పుస్తకాలు కొన్నా లాభం లేదు.

నిద్రకు ముందు గంటసేపు టీవీ, ఫోన్ ఆపేయండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. చాలని నిద్రతో భయాలు పెరుగుతాయి.

పీడకలకూ, రాత్రి ఉలికిపాటుకూ తేడా తెలుసుకుని ఉండండి. పీడకల ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది, పిల్లవాడు లేచి అమ్మను పట్టుకుంటాడు, ఏం చూశాడో చెప్తాడు. పడుకున్న రెండు మూడు గంటల్లోపే కళ్లు తెరిచి కేకలేస్తూ, మిమ్మల్ని గుర్తుపట్టకుండా, పొద్దున్నే ఏమీ గుర్తులేదంటే అది వేరు. అప్పుడు కుదిపి లేపొద్దు, దెబ్బ తగలకుండా పక్కన ఉండి సర్దుకోనివ్వండి. అది తరచుగా వస్తున్నా, భయం నెలల తరబడి తగ్గకపోయినా, పగలు కూడా బడికి పోనంటున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఏదైనా సంఘటన తర్వాత ఒక్కసారిగా మారిపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. కేకలు వేసే సమయంలో సెల్‌ఫోన్‌లో చిన్న వీడియో తీసి ఉంచండి, మీరు నోటితో చెప్పేదానికంటే అది చూస్తే డాక్టరుకు త్వరగా అర్థమవుతుంది.